అనలాగ్ మల్టీప్లెక్సర్ చిప్పుల సాంకేతిక వివరాలు

అనలాగ్ స్విచ్ అనునది ఒక విద్యుత్ సంకేతాన్ని దాని ఆకారం చెడకుండా ఒక చోటి నుండి మరొక చోటికి పోనిచ్చే, లేదా ఆపివేసే ఎలక్ట్రానిక్ మీట. ఇటువంటి మీటలు కొన్నింటిని ఒకే చిప్పులో అమర్చి, అన్నింటి ఒక కొసను ఉమ్మడి పిన్నుకు కలిపితే అది అనలాగ్ మల్టీప్లెక్సర్ అవుతుంది. రైల్వే జంక్షనులో ఎనిమిది దారుల నుండి వచ్చే బండ్లలో ఒకదానిని ఒక ప్లాట్‌ఫారం మీదికి మళ్ళించడం వంటిదే దీని పని. ఎనిమిది ఉష్ణోగ్రతా గ్రాహకాలను ఒకే కొలత సాధనంతో వంతులవారీగా చదవడానికి, రేడియోలో, ఆడియో పరికరాలలో మూలాలను మార్చడానికి దీనిని వాడతారు.

ఈ చిప్పుల తయారీదారులు ప్రతి రకానికీ డేటాషీట్ అనే వివరపత్రం ప్రచురిస్తారు. దాని మొదటి పుటలో పెద్ద అక్షరాలతో ఉన్న అంకె నిజమే కాని, ఆ అంకె ఏ షరతులకు లోబడి నిజమో లోపలి పట్టికలలో ఉంటుంది. విద్యార్థులు కట్టిన వలయాలు లెక్క ప్రకారం పనిచేయకపోవడానికి చాలాసార్లు ఈ షరతులను చదవకపోవడమే కారణం. ఈ వ్యాసంలో సుపరిచితమైన సీడీ4051 చిప్పును ఉదాహరణగా తీసుకొని ఆ పట్టికలను ఎలా అర్థం చేసుకోవలెనో వివరించబడింది.

నిర్మాణం

అమెరికాకు చెందిన ఆర్‌సీఏ సంస్థ 1968లో ప్రవేశపెట్టిన 4000 శ్రేణి సీమాస్ చిప్పుల కుటుంబానికి చెందినది సీడీ4051. ఇందులో 16 పిన్నులు, 8 మార్గాలు ఉంటాయి. ఎ, బి, సి అనే మూడు అదుపు పిన్నులకు ఇచ్చే ద్విసంఖ్యను బట్టి ఎనిమిదింటిలో ఒక మార్గం తెరుచుకొంటుంది. 6వ పిన్నుకు అధిక స్థాయి ఇస్తే అన్ని మార్గాలూ మూతపడతాయి. ఇదే కుటుంబంలోని సీడీ4052లో నాలుగేసి మార్గాల జతలు రెండు, సీడీ4053లో రెండేసి మార్గాల స్విచ్చులు మూడు ఉంటాయి.

ప్రతి మార్గంలోనూ ఒక ఎన్-రకపు, ఒక పి-రకపు మాస్ ట్రాన్సిస్టర్లు సమాంతరంగా కలిపి ఉంటాయి. సంకేతపు వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు మొదటిది, ఎక్కువగా ఉన్నప్పుడు రెండవది బాగా ప్రవహింపజేస్తుంది. ఇది లోహపు మీట కాదు కనుక ఆన్ స్థితిలో దీనికి కొంత నిరోధం ఉంటుంది, ఆఫ్ స్థితిలో కొంత లీకేజీ ఉంటుంది, ఎల్లవేళలా కొంత కెపాసిటీ ఉంటుంది. డేటాషీట్‌లోని వివరాలలో ఎక్కువ భాగం ఈ మూడు లోపాల కొలతలే.

ఆన్ నిరోధం

సీడీ4051 డేటాషీట్ మొదటి పుటలో ఆన్ నిరోధం 125 ఓములు అని ఉంటుంది. లోపలి పట్టికలో చూస్తే ఈ విలువ 15 వోల్టుల సరఫరా వద్ద, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లభించే సాధారణ విలువ. అదే సరఫరాకు గరిష్ఠ విలువ 240 ఓములు. సరఫరా 10 వోల్టులైతే సాధారణ విలువ 180, గరిష్ఠ విలువ 400. 5 వోల్టులైతే సాధారణ విలువ 470, గరిష్ఠ విలువ 1050. ఉష్ణోగ్రత 85 డిగ్రీలకు చేరితే 5 వోల్టుల వద్ద గరిష్ఠం 1200 ఓములు. నేటి విద్యార్థి ఈ చిప్పును వాడేది ప్రాయికంగా 5 వోల్టుల మీదనే. అంటే మొదటి పుటను నమ్మిన వారికి ఎనిమిది రెట్లకు పైగా నిరోధం ఎదురుకావచ్చు.

ఇక్కడ సాధారణ విలువకు, గరిష్ఠ విలువకు గల భేదం ముఖ్యం. సాధారణ విలువ అంటే ఎక్కువ చిప్పులలో కనిపించేది. దానికి తయారీదారు పూచీ పడడు. గరిష్ఠ విలువకు మాత్రమే పూచీ ఉంటుంది. ఒకే ఒక పరికరం చేసుకొని స్వయంగా సరిచూసుకొనేవారికి సాధారణ విలువ చాలు. నూరు పరికరాలు చేసి ఇతరులకు ఇచ్చేవారు గరిష్ఠ విలువతోనే లెక్క కట్టవలెను.

ఈ నిరోధం వలన కలిగే దోషం దాని తరువాత ఉన్న వలయం మీద ఆధారపడుతుంది. మల్టీప్లెక్సర్ తరువాత 10 కిలోఓముల భారం ఉంటే, 470 ఓముల వలన సంకేతం 4.5 శాతం తగ్గుతుంది. 1050 ఓముల వలన 9.5 శాతం తగ్గుతుంది. అదే భారం ఒక మెగాఓము అయితే 1050 ఓముల వలన కలిగే దోషం సుమారు 0.1 శాతమే. కాబట్టి తక్కువ నిరోధం గల ఖరీదైన చిప్పు కొనడం కంటే, మల్టీప్లెక్సర్ తరువాత ఒక ఆపరేషనల్ యాంప్లిఫయర్‌ను బఫరుగా పెట్టడం చాలా సందర్భాలలో తెలివైన పని.

సంకేతపు వోల్టేజి మారుతున్నప్పుడు ఆన్ నిరోధం కూడా మారుతుంది. డేటాషీట్‌లోని వక్రరేఖలో, తక్కువ సరఫరా వద్ద, నడుమ ఒక మూపురం కనిపిస్తుంది. అక్కడ రెండు ట్రాన్సిస్టర్లూ సగం సగంగానే పనిచేస్తున్నాయని అర్థం. ధ్వని సంకేతాలలో ఈ మార్పు విరూపణగా వినిపిస్తుంది. నిరోధం స్థిరంగా ఉంటే ధ్వని కొంచెం తగ్గుతుంది, అంతే. అది మారుతూ ఉంటేనే ధ్వని చెడుతుంది. ఆడియో పనికి చిప్పును ఎంచుకొనేవారు నిరోధపు విలువ కంటే ఈ వక్రరేఖ ఎంత సమతలంగా ఉన్నదో చూడవలెను.

లీకేజీ

మట్టికుండకు చిల్లు లేకపోయినా చెమర్చినట్లు, ఆఫ్ స్థితిలోని మార్గం గుండా కూడా కొద్ది ప్రవాహం జారుతుంది. సీడీ4051కు మొదటి పుటలో ఇది 100 పికోఆంపియర్లు. పట్టికలో 25 డిగ్రీల వద్ద గరిష్ఠం 100 నానోఆంపియర్లు, అంటే వెయ్యి రెట్లు. ఇంత తేడా ఎందుకో అడుగున ఉన్న చిన్న అక్షరాల గమనికలో ఉంది: తయారీశాలలో స్వయంచాలక పరీక్షా యంత్రం నమ్మకంగా కొలవగల కనిష్ఠ విలువనే గరిష్ఠంగా ప్రకటించారు. చిప్పు నిజంగా అంత లీకవుతుందని కాదు, అంతకంటే తక్కువ అని రుజువు చేసే పూచీ లేదని అర్థం.

లీకేజీ వలన కలిగే దోషం సంకేతమూలపు నిరోధంతో హెచ్చవేస్తే వస్తుంది. 10 కిలోఓముల థర్మిస్టర్‌కు 100 నానోఆంపియర్ల లీకేజీ కలిగించే దోషం 1 మిల్లీవోల్టు. 5 వోల్టులను 12 బిట్లుగా విభజించే కొలత సాధనంలో ఒక్కొక్క మెట్టు 1.22 మిల్లీవోల్టులు కనుక ఇది ఒక మెట్టు లోపే.

నీటి పీహెచ్ విలువను కొలిచే గాజు ఎలక్ట్రోడ్ సంగతి వేరు. దాని నిరోధం 100 మెగాఓములు అనుకొంటే, సాధారణ విలువ అయిన 100 పికోఆంపియర్లే 10 మిల్లీవోల్టుల దోషం తెస్తాయి. ఆ ఎలక్ట్రోడ్ 25 డిగ్రీల వద్ద ఒక పీహెచ్ మార్పుకు సుమారు 59 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే 7.0 ఉన్న నీటిని పరికరం 6.83 అనో 7.17 అనో చూపుతుంది. పరికరంలో ఏదీ చెడిపోయినట్లు కనిపించదు. అంకె మాత్రం తప్పు. ఇటువంటి చోట ప్రతి ఎలక్ట్రోడ్‌కూ ముందే ఒక బఫరు పెట్టి, ఆ తరువాతనే మల్టీప్లెక్సర్‌కు కలపవలెను.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా లీకేజీ ఇంచుమించు రెట్టింపవుతుంది. రోహిణి కార్తె ఎండలో, రేకు పెట్టెలో, 65 డిగ్రీలకు చేరిన చిప్పులో లీకేజీ 25 డిగ్రీల నాటి విలువకు 16 రెట్లు ఉండవచ్చు. గదిలో సరిచూసిన పరికరం పొలంలో తప్పు చూపడానికి ఇదొక కారణం.

కెపాసిటీ, వేగం, ఆవేశం

సీడీ4051 ఉమ్మడి పిన్నుకు సుమారు 30 పికోఫారడ్ల కెపాసిటీ, ఒక్కొక్క మార్గపు పిన్నుకు 5 పికోఫారడ్ల కెపాసిటీ ఉంటుంది. మార్గం మారినప్పుడల్లా ఈ కెపాసిటీ కొత్త వోల్టేజికి నిండవలెను. మూలపు నిరోధం 100 కిలోఓములైతే కాలస్థిరాంకం సుమారు 3.5 మైక్రోసెకండ్లు. 12 బిట్ల ఖచ్చితత్వానికి తొమ్మిది కాలస్థిరాంకాలు ఆగవలెను గనుక 32 మైక్రోసెకండ్లు పడుతుంది. చిప్పు మార్గం మార్చడానికి తీసుకొనే కాలం 5 వోల్టుల వద్ద గరిష్ఠంగా 720 నానోసెకండ్లని డేటాషీట్ చెప్పవచ్చు. నిజంగా ఆగవలసినది మాత్రం దానికి నలభై రెట్లకు మించి. తొందరపడి చదివితే కొత్త మార్గపు విలువలో పాత మార్గపు విలువ కొంత కలిసి కనిపిస్తుంది.

ట్రాన్సిస్టర్ ఆరినప్పుడు దాని గేటు నుండి కొంత ఆవేశం సంకేతమార్గంలోకి చొరబడుతుంది. దీనిని పికోకూలుంబులలో ఇస్తారు. ఆవేశాన్ని కెపాసిటీతో భాగిస్తే వోల్టేజి దోషం వస్తుంది: 10 పికోకూలుంబులు 1000 పికోఫారడ్ల కెపాసిటర్ మీద 10 మిల్లీవోల్టులు, 100 పికోఫారడ్ల మీద 100 మిల్లీవోల్టులు. వోల్టేజిని పట్టి ఉంచే వలయాలలో ఇది కీలకం. తక్కినవాటిలో అంతగా పట్టించుకోనక్కరలేదు.

ఆఫ్ మార్గం గుండా అధిక పౌనఃపున్య సంకేతాలు దూరిపోవడాన్ని డెసిబెల్‌లలో ఇస్తారు. 60 డెసిబెల్‌లంటే వెయ్యోవంతు, 80 అంటే పదివేలవ వంతు. పౌనఃపున్యం పది రెట్లయితే ఈ రక్షణ సుమారు 20 డెసిబెల్‌లు తగ్గుతుంది. కనుక ఏ పౌనఃపున్యం వద్ద, ఎంత భారంతో కొలిచారో చూడని అంకెకు విలువ లేదు.

అదుపు సంకేతాల స్థాయి

ప్రయోగశాలలో ఎక్కువ కాలం వృథా చేసేది ఈ వివరమే. సీడీ4051ను 5 వోల్టుల మీద నడిపినప్పుడు అదుపు పిన్నుకు కనీసం 3.5 వోల్టులు వస్తేనే దానిని అధిక స్థాయిగా గుర్తిస్తుందని పూచీ. 10 వోల్టుల మీద నడిపితే 7 వోల్టులు, 15 మీద 11 వోల్టులు కావలెను. 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ ఇచ్చేది 3.3 వోల్టులకు మించదు. బల్ల మీద ఒక చిప్పు దీనితో పనిచేయవచ్చు, ఇంకొక చిప్పు తప్పు మార్గం తెరవవచ్చు. అటువంటప్పుడు 2 వోల్టులనే అధిక స్థాయిగా గుర్తించే 74హెచ్‌సీటీ4051 వాడడం మేలు. దాని పిన్నుల అమరిక ఒకటే అయినా, సరఫరా పరిమితులు తక్కువ గనుక సీడీ4051 ఉన్న చోట కళ్ళు మూసుకొని పెట్టరాదు.

గరిష్ఠ పరిమితులు

డేటాషీట్‌లోని గరిష్ఠ పరిమితుల పట్టిక చిప్పును నడపవలసిన విలువలు కావు. దాటితే చిప్పు చెడిపోయే హద్దులు. సీడీ4051కు మొత్తం సరఫరా హద్దు 20 వోల్టులు, ఒక్కొక్క పిన్ను గుండా ప్రవాహపు హద్దు 10 మిల్లీఆంపియర్లు. సంకేతపు వోల్టేజి ఎన్నడూ సరఫరా హద్దులు దాటరాదు. రుణ వోల్టేజి గల సంకేతం పంపవలెనంటే 7వ పిన్నుకు రుణ సరఫరా ఇవ్వవలెను. ఆ పిన్నును భూమికి కలిపి సంకేతం రుణం వైపు పోతే లోపలి డయోడు తెరుచుకొని ప్రక్క మార్గాల విలువలు కూడా చెడతాయి. చిప్పుకు సరఫరా ఆపివేసి, గ్రాహకాలకు మాత్రం సరఫరా ఉంచినా ఇదే ప్రమాదం: సంకేతమే ఆ డయోడు ద్వారా చిప్పును నడపడానికి ప్రయత్నిస్తుంది. బయటి తీగలు వచ్చే ప్రతి మార్గానికీ ఒక కిలోఓము వంటి నిరోధాన్ని వరుసలో పెడితే ఆ ప్రవాహం హద్దులో ఉంటుంది.

చిప్పు ఎంపిక

ఆన్ నిరోధం తగ్గాలంటే ట్రాన్సిస్టర్లను పెద్దవి చేయవలెను. పెద్దవి చేస్తే కెపాసిటీ, చొరబడే ఆవేశం పెరుగుతాయి. అనలాగ్ డివైసెస్ సంస్థ చేసే ఏడీజీ1412 స్విచ్చుకు ఆన్ నిరోధం 1.5 ఓములు మాత్రమే. అదే సంస్థ చేసే ఏడీజీ1212కు 120 ఓములు, కాని దాని ఆవేశ చొరబాటు ఒక పికోకూలుంబు లోపే. రెండవది మొదటిదానికంటే నాసిరకం కాదు. ప్రవాహాన్ని మోసే పనికి మొదటిది, వోల్టేజిని పట్టి ఉంచే పనికి రెండవది తగినవి.