రొమ్ము క్యాన్సరు – ప్రాథమిక వైద్యము

మన పూర్వులు రాచపుండన్న క్యాన్సరు పెక్కు రూపములు గలది. వానిలో నేడు భారతస్త్రీలకు అన్నిటికంటె నెక్కువగ కలుగునది రొమ్ము క్యాన్సరు. తొలిదశలో గడ్డ సామాన్యముగ నొప్పి పెట్టదు. సిగ్గు నోరు విప్పనీయదు. వ్యాధి ముదిరినపిదప పట్టణమునకు పరుగిడుట పరిపాటియైనది.

పల్లెలలో యంత్రములు లేవుగదా యని చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. ముంబయి టాటా స్మారక వైద్యశాలవారు 1998లో ఆ నగరపు లక్షన్నర పేదస్త్రీలతో నొక పరిశోధన నారంభించిరి. వారిలో సగముమందిని శిక్షణ పొందిన ఆరోగ్యసేవికలు రెండేండ్లకొకసారి చొప్పున నాలుగుమారులు చేతితో పరీక్షించిరి. 2021లో వెలువడిన ఫలితమేమి? 50 ఏండ్లు, ఆపై వయస్సు గలవారిలో ఈ వ్యాధిమరణములు సుమారు 30 శాతము తగ్గినవి. అంతకు చిన్నవారిలో అట్టి మేలు రుజువు కాలేదు.

2016లో భారతప్రభుత్వము 30 ఏండ్లు నిండిన స్త్రీలకు ఐదేండ్లకొక పరీక్ష విధించినది. ఫలించిన వ్యవధి రెండేండ్లు, విధించినది ఐదు! 50 ఏండ్లు దాటినవారికైనను ఈ వ్యవధిని తగ్గింపవలెను. ప్రతి ఉపకేంద్రమున శిక్షణగల సేవికయు, చాటుగల గదియు నుండవలెను. గడ్డ కనబడిన స్త్రీ పేరు పుస్తకమున వ్రాసికొని ఊరకుండరాదు; రోగమేమో తేలి, చికిత్స మొదలగువఱకు ఆమెను వెన్నంటి చూడవలెను.

గృహస్థులకును ధర్మమొకటి కలదు. ఇల్లాలినేగాక, పొలమున పనిచేయు స్త్రీని గూడ ఆ దినపు కూలి కోయక కేంద్రమునకు పంపవలెను. ఆమెకు సిగ్గు శత్రువైనచో, మన ఉపేక్ష అంతకంటె ఘోరశత్రువు.