మూలన పడ్డ మందే దిక్కయింది!

“ఇందులో ఏం కలిపావమ్మా?” అంటూ డిగ్రీ చదివే కొడుకు అన్నం కంచం పక్కకు నెట్టేస్తాడు. రాత్రంతా నిద్రపోడు. గదిలో ఎవరూ లేకున్నా ఎవరితోనో మాట్లాడతాడు. గాలి సోకిందంటూ ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టిస్తారు. నెలలు గడిచాక ఏ బంధువో చెబితే గానీ మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లరు. స్కిజోఫ్రెనియా వచ్చిన ఇళ్లలో తరచూ జరిగేదే ఇది.

ఆ వైద్యుడు రాసే చీటీలో ఇప్పుడు ఎక్కువగా కనిపించే పేర్లు రిస్పెరిడోన్, ఒలాంజపైన్, క్వెటియాపైన్, అరిపిప్రజోల్. వీటిని ‘ఎటిపికల్ యాంటీసైకోటిక్స్’ అంటారు. వీటన్నిటికీ పెద్దన్న క్లోజపైన్. దాని కథ సినిమా కథకేమీ తీసిపోదు.

అంతకన్నా ముందు ఈ మందులు ఏం చేస్తాయో చూద్దాం. మెదడులో ఒక కణం నుంచి మరో కణానికి కబురు మోసే రసాయనాల్లో డోపమైన్ ఒకటి. స్కిజోఫ్రెనియాలో మెదడులోని కొన్నిచోట్ల దీని ఉరవడి ఎక్కువవుతుంది. లేని మాటలు వినిపించడానికీ, లేనిపోని అనుమానాలకూ అదో ముఖ్య కారణం. 1952లో ప్యారిస్ వైద్యులు వాడిచూసిన క్లోర్‌ప్రోమజైన్, తర్వాత వచ్చిన హాలోపెరిడాల్... డోపమైన్‌ను అందుకునే గ్రాహకాలకు అడ్డుపడేవి. తాళంకప్పలో పుల్ల ఇరికిస్తే తాళంచెవి దూరదు కదా, అలాగన్నమాట. రోగం నెమ్మదించేది. కానీ కాళ్లూ చేతులూ సాఫీగా కదలాలన్నా డోపమైనే కావాలి. అందుకే చాలామందికి ఒళ్లు బిగుసుకుపోయేది, చేతులు వణికేవి. ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి నోరు, నాలుక వాటంతటవే ఆడుతుండేవి.

ఎటిపికల్ మందుల్లో చాలావరకు డోపమైన్‌తోపాటు సెరటోనిన్ గ్రాహకాలనూ అడ్డుకుంటాయి. క్లోజపైన్, క్వెటియాపైన్ అయితే డోపమైన్ గ్రాహకాన్ని ఇట్టే వదిలేస్తాయి. అరిపిప్రజోల్‌ది మరో దారి. కుళాయిని పూర్తిగా కట్టేయకుండా సగానికి తిప్పి ఉంచుతుంది. అందుకే బిగుసుకుపోవడం, వణుకు వీటితో తక్కువ.

ఈ గుణం మొదట కనిపించింది క్లోజపైన్‌లోనే. స్విట్జర్లాండ్‌లో తయారై 1970ల్లో యూరప్ మార్కెట్లోకి వచ్చింది. 1975లో ఫిన్లాండ్‌లో పిడుగులాంటి వార్త. అది వాడినవారిలో కొందరికి తెల్లరక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్లు సోకి ఎనిమిది మంది చనిపోయారు. చాలా దేశాల్లో మందు మూలనపడింది. అయితే ఏ మందుకూ లొంగని రోగులు దీంతో తేరుకోవడాన్ని చూసిన వైద్యులు ఊరుకోలేదు. అమెరికాలో 268 మంది మొండి రోగులపై చేసిన పరీక్ష ఫలితాలు 1988లో వచ్చాయి. ఆరు వారాల్లో క్లోర్‌ప్రోమజైన్‌తో 4 శాతం మందే మెరుగుపడితే, క్లోజపైన్‌తో 30 శాతం! క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించాలన్న షరతుతో 1989లో అక్కడ అనుమతి దొరికింది. రెండు రకాల మందులు సరిగ్గా వాడినా గుణం లేనివారికి నేటికీ ఇదే దిక్కు.

మిగతావాటిని బైపోలార్ ఉన్మాదంలోనూ, కొందరి డిప్రెషన్‌లో అసలు మందుకు తోడుగానూ ఇస్తారు. ఆటిజం పిల్లల్లో తీవ్రమైన చిరాకు తగ్గడానికి రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వాడతారు. నిద్ర పట్టడం లేదని పక్కింటివారి క్వెటియాపైన్ మింగడం మాత్రం తగని పని.

కొత్తవన్నీ పాతవాటికన్నా గొప్పవని కూడా కాదు. పర్‌ఫెనజైన్ అనే పాతమందు చాలా కొత్తవాటికి దీటుగా నిలిచిందని 2005లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. పైగా కొత్తవాటి బాధలు కొత్తవి. ఒలాంజపైన్, క్లోజపైన్‌లతో ఒళ్లు వస్తుంది, షుగర్, కొలెస్ట్రాల్ పెరుగుతాయి. బరువు, నడుము కొలత, షుగర్ చూసుకుంటూ ఉండాల్సిందే.

చాలా ఇళ్లలో పొరపాటు జరిగేది కాస్త తేరుకున్నాకే. ‘బాగానే ఉన్నాడుగా, ఇంకా మాత్రలెందుకు?’ అంటూ ఆపేస్తారు. అలవాటు పడిపోతాడేమోనని భయం. ఇవి మత్తుమందుల్లా వ్యసనమయ్యేవి కావు. ఆపిన కొన్ని వారాలకో నెలలకో రోగం తిరగబెడుతుంది. అలాగని మొదట్లోనే తొందరపడకూడదు. ఆందోళన కొద్దిరోజుల్లో తగ్గినా, వినిపించే మాటలు తగ్గడానికి వారాలు పడుతుంది. మాత్రలు మరిచేవారికి కొన్ని మందులు నెలకోసారి ఇంజెక్షన్‌గానూ దొరుకుతున్నాయి.

క్లోజపైన్ వాడే ఇంట్లో మరిన్ని జాగ్రత్తలు. జ్వరమో గొంతునొప్పో వస్తే ఆ రోజే వైద్యుడికి చెప్పి రక్తపరీక్ష చేయించాలి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రెండు రోజులు మించి మాత్ర తప్పితే, పాత డోసు ఒక్కసారిగా వేయకూడదు. మళ్లీ చిన్న డోసుతో మొదలుపెట్టాలి. సిగరెట్లు మానేస్తున్నా ముందే డాక్టరుకు చెప్పాలి. పొగ ఆగితే రక్తంలో ఈ మందు మోతాదు పెరిగిపోతుంది మరి!