కారు ఏ.సి.లో ఏ నూనె?

కారు ఏ.సి. కంప్రెసర్ మార్పించాలంటే వేలతో పని కదండీ! అంత ఖర్చు పెట్టి కూడా, అందులో ఏ నూనె పోస్తున్నారని మనం అడగం. మా కారుకు పాత రకం నూనె పోశారట. కొత్త కంప్రెసర్ ఎండాకాలం దాటకుండానే బిగుసుకుపోయింది.

ఆ నూనె గ్యాసుతో కలిసి తిరుగుతూ మళ్లీ కంప్రెసర్‌కు చేరాలి. కలవకపోతే గొట్టాల్లోనే ఉండిపోతుంది. వెనకటి ఆర్-12 గ్యాసుకు మినరల్ నూనె సరిపోయేది. ఆర్-134ఎ గ్యాసుకు సాధారణంగా పి.ఎ.జి. నూనె వాడతారు. అందులోనూ 46, 100, 150 అని చిక్కదనాన్ని బట్టి రకాలున్నాయి. మన కారుకు ఏదో పుస్తకం చూసి పోయమనండి.

కొలత పోపు నూనెలా కంటి అంచనాతో కుదరదు. పాత కంప్రెసర్‌లోది ఒంపి కొలవాలి. కొత్తదాంట్లో ముందే పోసి ఉంటే ఆ లెక్క సరిచూడాలి. ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది. డబ్బా మూత తెరిచి ఉంచనివ్వకండి. ఆ నూనె ఉప్పులా చెమ్మ పీల్చుకుంటుంది.