చూపు మళ్లించడం దగ్గరే మొదలు

దాంపత్యంలో తప్పటడుగు అనగానే మన కళ్లముందు మెదిలేది చివరి ఘట్టమే. అక్కడ నిలబడినవారు నిగ్రహం ఉన్నవారు, జారినవారు లేనివారు అని తీర్పు చెప్పేస్తాం. నిజానికి అంతదూరం వచ్చాక నిగ్రహం చేయగలిగింది తక్కువ. అసలు పని చాలా ముందే జరిగిపోతుంది. అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జేమ్స్ మెక్‌నల్టీ బృందం 233 కొత్త జంటలను దాదాపు మూడేళ్లు గమనించి, 2018లో ఫలితాలు ప్రచురించింది. వారికి పెట్టిన పరీక్షలో కంప్యూటర్ తెర మీద ఒకచోట అందమైన ముఖం రెప్పపాటు కనిపించి మాయమవుతుంది. వెంటనే ఇంకోచోట ఓ బొమ్మ వస్తుంది. అదేమిటో మీట నొక్కి చెప్పాలి. ముఖం మీద నుంచి దృష్టి తెంచుకోవడానికి ఎంతసేపు పట్టిందో మీట నొక్కడంలోని జాప్యమే పట్టిస్తుంది. తేడా సెకనులో చిన్న భాగమే. అయినా, త్వరగా దృష్టి మళ్లించినవారిలో తర్వాతి కాలంలో భాగస్వామిని మోసగించడం తక్కువగా కనిపించింది.

నిజంగా ప్రేమ ఉంటే ఇంకొకరు కంటికే ఆనరు కదా, అంటారు కొందరు. ఆనుతారు. డెనిస్ జాన్సన్, కారిల్ రస్బల్ట్ 1989లో గమనించింది ఇదే: బంధానికి గట్టిగా కట్టుబడినవారు ఎదుటి ఆకర్షణ బలంగా ఉన్నప్పుడే దాని విలువను బాగా తగ్గించి చూస్తారు. ఆకర్షణ కలగడం దోషం కాదు, దాన్ని పెంచి పోషించడం మన చేతిలో ఉంది. ఇంట్లో సుఖం లేనివారే బయటికి చూస్తారన్న వాదన ఇంకాస్త బలమైనది. అందులో నిజం ఉంది. రోలాండ్ మిల్లర్ 1997లో చేసిన అధ్యయనంలో బంధంలో తృప్తిగా ఉన్నవారు ఇతరుల ఫొటోలను తక్కువసేపు చూశారు. అయితే అసంతృప్తి చూపును బయటికి లాగితే, బయట నిలిచిన చూపు ఇంట్లో అసంతృప్తిని పెంచదా? ఆ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. చూపు దగ్గర ఆపడం తేలిక.

ఇవాళ ఆ చూపు ఫోన్‌లో ఉంటోంది. ఆఫీసు సంగతులతో మొదలైన చాటింగ్ రాత్రి పదకొండు దాటాక సొంత బాధల్లోకి మళ్లుతుంది, పొద్దున్నే ఆ మెసేజ్‌లు డిలీట్ అవుతాయి. ఆగవలసింది ఆ మొదటి డిలీట్ దగ్గర. అలాగని భార్య ఫోన్ భర్తా, భర్త ఫోన్ భార్యా తనిఖీ చేయడం దీనికి మందు కాదు. చట్టమూ ఈ కాపలా కాయడం లేదు: వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో కొట్టేసింది. విడాకులకు అలాంటి సంబంధం ఇప్పటికీ కారణమే, జైలుకు మాత్రం కాదు. పోలీసుకు అప్పగించలేని ఈ కాపలాను జీవిత భాగస్వామికి అప్పగించినా ఫలితం ఉండదు. ఎవరి చూపును వారే మళ్లించుకోవాలి, ఇంకొకరు మెడ పట్టుకుని తిప్పితే మళ్లేది తల మాత్రమే.