ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పించండి



రోగికి తోడుగా వచ్చిన స్త్రీలు అర్ధరాత్రి మందుల షాపుకో, తెల్లవారకముందే బస్టాండుకో ఒంటరిగా వెళ్లవలసి వస్తుంది. అందుకని మీ ఇంటి ఆడవారికి ఈ నాలుగు సంగతులు ముందే నేర్పించండి.

1. అరవడం: "వదులు! కాపాడండి!" అని గట్టిగా అరవాలి. సిగ్గు పోయేలా ఇంట్లోనే అలవాటు చేయించండి.

2. విడిపించుకోవడం: మణికట్టు పట్టుకున్నవాడి బొటనవేలు, మిగతా వేళ్లు కలిసే చోట పట్టు తక్కువ. చేతిని అటువైపు తిప్పి ఒక్కసారిగా లాగాలి. పదిసార్లు చేసి చూడండి.

3. పరుగెత్తడం: విడిపించుకున్నాక పోట్లాటకు నిలబడకూడదు. వెలుతురు, జనం ఉన్న చోటికి పరుగెత్తాలి. నగలు, డబ్బు అడిగితే ఇచ్చేయాలి. ప్రాణం ముఖ్యం.

4. ఫోన్: పోలీసు సహాయానికి 112, మహిళల సహాయానికి 181. రెండూ ఉచితం.

ఇంత నేర్చుకున్నా భయంతో ఒళ్లు కొయ్యబారి, గొంతు పెగలకపోవచ్చు. అది శరీర స్వభావమే, ఒప్పుకోవడం కాదు. అత్యాచారం జరిగితే "ఎందుకు అరవలేదు?" అని అడగకండి. స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపే మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా ఎంత త్వరగా వేస్తే అంత మేలు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా చట్టప్రకారం ఈ వైద్యం ఉచితంగా చేయాలి. పోలీసు కాగితం కోసం ఆగనవసరం లేదు.

బాధపడిన బిడ్డపై నింద వేయకండి, పక్కన నిలబడండి. దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక.