ఒక్క మనిషి మిగిలిన ఊరు

ఒక్క మనిషి ఉంటే దాన్ని ఊరంటారా? మన దగ్గరైతే నవ్వుతారు. కాని అమెరికాలో అలాంటి ఊరు ఒకటి పేరుకెక్కింది. దాని పేరు మోనోవై. నెబ్రాస్కా రాష్ట్రం, బాయ్డ్ జిల్లా.

ఆ ప్రాంతమంతా గడ్డి నేల. చెట్లు తక్కువ. అలాంటి నేలను ప్రెయిరీ అంటారు. మొదట ఆ నేల అక్కడి ఆదివాసులది. 1890 తరువాత బయటి నుంచి రైతులు వచ్చి అక్కడ పొలాలు పట్టారు. ఒక్కో కుటుంబానికి 160 ఎకరాల దాకా దొరికేది. 1902లో రైలు వచ్చింది. రైలుతో పాటే మోనోవై పుట్టింది. దుకాణాలు, బడి, చర్చి, పోస్టాఫీసు వచ్చాయి. 1930ల్లో ఊళ్లో 150 మంది దాకా ఉండేవారు.

మరి వాళ్లంతా ఏమయ్యారు? రోగం రాలేదు. వరద రాలేదు. ట్రాక్టర్లు వచ్చాయి. పది మంది చేసే పని ఒక్కరే చేయసాగారు. యంత్రం కొనాలంటే అప్పు చేయాలి. అప్పు తీరాలంటే పొలం ఎక్కువ ఉండాలి. చిన్న రైతు తన పొలం పక్క రైతుకు అమ్మి పట్నం పోయాడు. ఒక్కో ఇల్లూ ఖాళీ అయింది. ఇళ్లు తగ్గితే దుకాణానికి బేరం ఎక్కడిది? 1974లో బడి మూతపడింది. బడి లేని ఊళ్లో పిల్లలు గలవాళ్లు ఎందుకుంటారు? ఇది ఒక్క మోనోవై సంగతే కాదు. 1910లో ఆ జిల్లాలో 8 వేల పైచిలుకు జనం. 2020లో 2 వేలు కూడా లేరు.

2000 జనాభా లెక్కల నాటికి మోనోవైలో ఇద్దరే మిగిలారు. ఎల్సీ ఐలర్, ఆమె భర్త రూడీ. 2004లో రూడీ చనిపోయాడు. ఎల్సీకి అప్పటికి 70 ఏళ్లు. ఒక్కతే అయినా ఊరు వదల్లేదు.

ఊరికి సర్పంచి ఆమే. గుమస్తా ఆమే. పన్ను కట్టేది ఆమే, వసూలు చేసేదీ ఆమే. ఊరి వీధి దీపాలు ఆ డబ్బుతోనే వెలిగేవి. 1971 నుంచి ఆమెకు ఒక చిన్న హోటలు ఉండేది. అందులో బీరు కూడా అమ్మేది. (ఈ మాటకు మన అక్కలకు కోపం రావచ్చు!) దాని లైసెన్సుకు అర్జీ పెట్టేది తనే. ఊరి తరఫున దాని మీద సంతకం చేసేదీ తనే. ఏటా వీధుల బాగుకు కాగితం రాసి ప్రభుత్వానికి పంపేది. పంపకపోతే ఊరికి సొమ్ము రాదు.

2010 లెక్కల్లో మోనోవై జనాభా 1. 2020లో 2 అని పడింది. రెండో మనిషి ఎవరూ లేరని ఎల్సీ చెప్పింది. అది తప్పు కాదట. ఎవరి వివరాలూ బయటపడకుండా చిన్న ఊళ్ల అంకెలను అధికారులు కొంచెం మార్చి ప్రకటించారు. కాని ఒక్కరున్న ఊళ్లో ఏం దాగుతుంది?

రూడీకి పుస్తకాలంటే ప్రాణం. ఊరికి గ్రంథాలయం పెట్టాలని ఆయన కోరిక. బతికుండగా తీరలేదు. ఆయన పోయాక ఎల్సీ ఆ పని పూర్తి చేసింది. ఒక చిన్న షెడ్డులో 5 వేల పుస్తకాలు సర్దింది. దానికి రూడీ పేరే పెట్టింది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు వచ్చి పుస్తకాలు పట్టుకెళ్లేవారు.