అష్రఫీల ఆన్‌లైన్ వేలం: తూకం ఒక్కటే చూస్తే నష్టమే

కరీంనగర్: పాత బంగారు నాణేల బేరం సరాఫా దుకాణపు గద్దె మీది నుంచి సెల్‌ఫోను తెర మీదికి మారింది. నిజాము అష్రఫీలు, బ్రిటిషు సవరన్లు ఆన్‌లైన్ వేలాల్లో లోహపు విలువకు మించిన ధర పలకడం మామూలైంది. కరీంనగర్, ఆదిలాబాద్ వర్తకులకు ఈ సరకు కొత్తదేమీ కాదు. ఈ జిల్లాలు హైదరాబాదు సంస్థానంలోనివే. హాలీ సిక్కా 1950ల దాకా ఇక్కడ చెలామణీ అయింది. కాని గీటురాయి మీద గీయడానికి వీలులేని చోట, ఫోటో చూసి సొమ్ము కట్టవలసిన చోట, పాత అనుభవం సగమే పనికివస్తుంది.

నకిలీలు రెండు తరగతులు. లోహమే బంగారం కానిది మొదటిది. బంగారం సరిగానే వుండి, ముద్ర మాత్రం దొంగది కావడం రెండవది. 1950ల తొలినాళ్ళలో మిలాన్ నగరంలో పూర్తి బంగారంతోనే దొంగ సవరన్లు కొట్టిన ఘనుడొకడు వున్నాడు. అటువంటి సరకు చేతికి వస్తే పోయేది పురాతనత్వానికి కట్టిన అదనపు ధర వరకే. మొదటి తరగతిలో అసలుకే ఎసరు. అందుచేత ముందు లోహం సంగతి తేల్చుకొని, ఆ తరువాతే ముద్ర సంగతి చూడవలసి వుంటుంది.

అష్రఫీ విషయంలో ఒక చిక్కు వున్నది. చార్మినారు ముద్రగల అష్రఫీ తూకం 11.178 గ్రాములు. వెయ్యింట 910 పాళ్ళు బంగారం, అనగా మేలిమి 10.17 గ్రాములు. అదే చార్మినారు ముద్రగల వెండి రూపాయి తూకం కూడా సరిగ్గా 11.178 గ్రాములే, అందులో వెండి వెయ్యింట 818 పాళ్ళు. పావు అష్రఫీకి, పావలాకు కూడా ఇదే లెక్క. కనుక వెండి రూపాయికి బంగారు పూత పూసి కాటా మీద పెట్టి ఫోటో తీస్తే, కాటా అబద్ధం చెప్పదు, సరకు మాత్రం అబద్ధమే. వేలం ప్రకటనల్లో కాటా ఫోటోనే గొప్ప రుజువుగా చూపడం చూస్తే నవ్వు వస్తుంది.

దీనికి విరుగుడు వెడల్పు. బంగారం బరువైన లోహం. అదే తూకానికి నాణెం చిన్నదవుతుంది. వెండి రూపాయి అడ్డుకొలత సుమారు 30 మిల్లీమీటర్లు. అష్రఫీ అంతకంటే బాగా చిన్నది. కొలత చెప్పని అమ్మకందారును స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో అడగాలి. పంపడానికి వెనుకాడితే ఆ లాటు వదులుకోవడమే మంచిది.

సరకు చేతికందిన తరువాత నీటి పరీక్ష నాణేనికి హాని చేయదు. దారంతో కట్టి నీటిలో వేలాడదీసి తూచితే అష్రఫీ తూకం సుమారు 0.64 గ్రాము తగ్గాలి. పూత పూసిన రూపాయి అయితే తరుగు 1.1 గ్రాము దాకా వుంటుంది. గ్రాములో నూరో వంతు చూపే కాటా వుంటే చాలు. యాసిడ్ వేస్తే మచ్చపడి, వేలంలో పలికే ధర పడిపోతుంది. కేరట్ మీటరును పూర్తిగా నమ్మడానికీ లేదు. అది పైపొరనే చదువుతుంది, దళసరి పూత వున్నచోట మేలిమే చూపుతుంది.

ముద్రలో చూడవలసినది చార్మినారు గుమ్మంలోని ఉర్దూ అక్షరం. మహబూబ్ అలీఖాన్ నాణెంపై ‘మీమ్’, ఉస్మాన్ అలీఖాన్ నాణెంపై ‘ఐన్’ వుంటాయి. మహబూబ్ అలీఖాన్ 1911లో, అనగా హిజ్రీ 1329లో మరణించారు. కనుక ‘మీమ్’ పక్కన హిజ్రీ 1340 వున్న సరకును ముట్టుకోనక్కరలేదు.

సవరను లెక్క ఇంకా తేలిక. తూకం 7.988 గ్రాములు, వెడల్పు 22.05 మిల్లీమీటర్లు, మందం 1.52 మిల్లీమీటర్లు, బంగారం 22 కేరట్లు. నీటిలో తరుగు 0.45 గ్రాము. ఇదే పరిమాణంలో ఇత్తడి బిళ్ళ ఇందులో సగం కూడా తూగదు; తూకం కలిపితే మందం పెరిగిపోతుంది. టంగ్‌స్టన్ సాంద్రత మేలిమి బంగారానికి దగ్గర కనుక ఆ భయం ముఖ్యంగా 24 కేరట్ల బిస్కెట్లకే. బొంబాయి టంకశాల ఆ రోజుల్లో సవరన్లు కొట్టినది 1918లో మాత్రమే. వాటిపై సంవత్సరపు అంకెల పైన, నేల గీత మీద, ‘ఐ’ అనే చిన్న ఇంగ్లీషు అక్షరం వుంటుంది. 1917 సవరనుపై ఆ అక్షరం కనబడితే అది అరుదైన సరకు కాదు, దొంగ సరకు. 2013 నుంచి భారతదేశంలో తిరిగి ముద్రించిన సవరన్లపైనా ‘ఐ’ గుర్తు వున్నది. వాటిని పాతవని అంటగట్టే వీలు లేకపోలేదు.

మెడలో దండగా వేసుకున్న నాణేలకు అంచున కొండి అతికిన మచ్చ వుంటుంది. అది నకిలీ గుర్తు కాదు. అయితే అతుకు వల్ల తూకం కొద్దిగా మారవచ్చు, సేకరణ విలువ తప్పక తగ్గుతుంది. అటువంటి లాటుకు లోహపు ధర చూసుకొని పాడుకోవలసిందే.

ఇక ‘కోటిలింగాల బంగారు నాణెం’, ‘శాతవాహన మొహరు’ అంటూ ఎవరైనా చూపితే పరీక్షే అవసరం లేదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని కోటిలింగాలలో, పెద్దబంకూరులో దొరికిన శాతవాహన నాణేలు సీసం, రాగి, పోటిన్ వంటి లోహాలవి. శాతవాహనులు బంగారు నాణేలు వేసినట్టు ఆధారం లేదు. పైగా పొలంలో దొరికిందని చెప్పే సరకు కొనడం మరొక ముప్పు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. నమూనాగా ఒక అసలు నాణెం ఇచ్చి, మూటలో ఇత్తడి పోసే పాత ఎత్తు కూడా ఈ కథ వెంటే వస్తుంది.

అమ్మదలచినవారికి మరో జాగ్రత్త. పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరుతో కమీషను, పన్ను అడిగేవారి గురించి ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ఇటువంటి బేరాలతో తనకు సంబంధం లేదని, ఎవరి వద్దా రుసుము వసూలు చేయదని స్పష్టం చేసింది.